జల్ అనే మాటే ముందుంది, మరి చెరువు ఎవరి చేతిలో ఉంది?



దండారి ముగిసింది. చలి ముదిరింది. సిర్పూర్(యు), గిన్నెధారి పేర్లు మళ్ళీ పేపర్లకు ఎక్కే రోజులివి. మనం చలిమంటల కాడ కూసొని ఉండే ఈ రోజుల్లోనే, ఇప్పటి నుంచి పుష్య అమావాస్యకు నాగోబా జాతర దాటేదాకా, మన గూడేల పక్కన చెరువుల కాడ ఒక పని జరుగుతది. తెల్లారకముందే ట్రాలీ ఆటో వస్తది. అందుల వలలు, థర్మకోల్ డబ్బాలు, ఐసు ఉంటయి. పొద్దెక్కేసరికి చెరువుల ఉన్న బొచ్చె, రవ్వ అన్నీ డబ్బాల్లోకి ఎక్కి పట్నం తొవ్వ పడతయి. మన పిల్లలు కట్ట మీద నిలబడి చూస్తరు. పొయ్యేటోళ్ళు పోతూ పోతూ రెండు చిన్న చేపలు విసిరితే సంతోషపడతరు.

ఇది అన్ని చెరువుల కథ అని నేను అనను. పద్ధతిగా నడుపుకుంటున్న ఊర్లూ ఉన్నయి. కానీ మీ ఊరి చెరువు ఈ రెంటిలో ఏ లెక్కలో ఉందో మీరే చెప్పండి. ఈసారి చెరువుకు విత్తనం ఎన్ని వచ్చిందో మీకు తెలుసా? వల ఎప్పుడు వెయ్యాలని ఎవరు నిర్ణయించిండ్రు? ఆ రోజు గ్రామసభ కూసుందా?

జోడేఘాట్ నుంచి మనకు వచ్చిన నినాదంలో మూడు మాటలున్నయి. జల్, జంగల్, జమీన్. అందులో మొదటి మాట జల్. జమీన్ కోసం కోర్టులకు పోతున్నం. జంగల్ కోసం ఫారెస్టోళ్ళతో కొట్లాడుతున్నం. జల్ దగ్గరికి వచ్చేసరికి ప్రాజెక్టుల గురించి మాట్లాడుతం తప్ప, గూడెం పక్కన పది పదిహేను ఎకరాల చెరువు గురించి మాట్లాడం. అది చిన్న విషయం అనుకుంటం. నా దృష్టిలో అది చిన్నది కాదు. నేను చెప్పదలుచుకున్నది రెండే మాటలు. ఒకటి, చలికాలంలో చెరువును ఊడ్చేసే వేట ఆగాలి. రెండు, ఎప్పుడు పట్టాలి, ఎంత పట్టాలి అని చెప్పే మాట ఊరిదే కావాలి.

ముందు చేప సంగతి చూద్దాం.

మన చెరువుల్లో ఎక్కువగా వేసేవి బొచ్చె, రవ్వ, మోసు, బంగారు తీగ. బొచ్చె పైనీళ్ళలో తిరుగుతది, రవ్వ నడుమ నీళ్ళలో, మోసు, బంగారు తీగ అడుగున. ఒక్కొక్కటి ఒక్కో అంతస్తులో మేస్తయి కాబట్టి ఒకదాని తిండికి ఇంకొకటి పెద్దగా అడ్డు రాదు. అందుకే వీటిని కలిపి వేస్తరు. అయితే బొచ్చె, రవ్వ, మోసు నిలిచిన చెరువు నీళ్ళలో గుడ్లు పెట్టి పిల్లలను చెయ్యవు. వాటికి వానాకాలం వరద కావాలి, పారే నది కావాలి. 1957 జులై 10న ఒడిశాలో కటక్ దగ్గర శాస్త్రవేత్తలు సూదిమందుతో ఈ చేపలతో గుడ్లు పెట్టించిండ్రు. ఆ రోజునే ఇప్పుడు జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుకుంటున్నరు. అప్పటి నుంచే హేచరీల్లో పిల్లలను తయారుచేసి ఊరూరి చెరువుకు పంపే దారి తెరుచుకుంది.

దీని అర్థం ఏంటంటే, మన చెరువులో ఈ రకాల చేప ప్రతి ఏడు కొత్తగా వేస్తేనే ఉంటది. తెలంగాణలో 2016-17 నుంచి ప్రభుత్వమే నూరు శాతం సబ్సిడీ మీద చేప పిల్లలను ఇస్తోంది. ఎండాకాలం ఎండిపోయే చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలు, ఏడాది పొడుగూ నీళ్ళుండే చెరువులకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలు. అంటే ఆ విత్తనం ప్రజల పైసలతో వచ్చింది. నీళ్ళు మన వాగులు తెచ్చినయి. మేత మన చెరువు ఇచ్చింది. చేప మాత్రం పరాయివాడి ఆటోలో ఎందుకు పోతోంది?

ఇక చలికాలం సంగతి. చేపకు మనలాగ ఒంట్లో వేడి ఉండదు. నీళ్ళు ఎంత చల్లగా ఉంటే దాని ఒళ్ళు అంత చల్లబడుతది. నీళ్ళు 25 నుంచి 30 డిగ్రీల నడుమ ఉన్నప్పుడు ఈ చేపలు బాగా తిని బాగా పెరుగుతయి. 20 డిగ్రీల కిందికి దిగితే తిండి బాగా తగ్గుతది, పెరుగుడు మందగిస్తది. లోతు నీళ్ళలోకి పోయి మెదలకుండా ఉంటయి. అవతల కాలువల కింద, బోర్ల కింద నీళ్ళు వాడి చెరువు తగ్గుతూ ఉంటది. చేప చురుకు తగ్గింది, నీళ్ళు తగ్గినయి, కొత్త సంవత్సరం, సంక్రాంతి గిరాకీ ఉంది. వల వేసేటోనికి ఇంతకంటే సులువైన కాలం ఏముంటది?

కానీ చెరువుకు అది నష్టమైన కాలం. ఆగస్టులోనో సెప్టెంబర్లోనో వేసిన పిల్ల, నాలుగు నెలలు కూడా నిండకముందు చలిలో పడుతది. శివరాత్రి దాటి నీళ్ళు వేడెక్కినంక అది మళ్ళీ తినడం మొదలుపెడతది. మార్చి, ఏప్రిల్, మే నెలల్లోనే బరువు ఎక్కుతది. అంటే చలికాలంలో ఊడ్చి పట్టినోడు పెరిగే ముందే కోత కోసినట్టు. జొన్న పాలుపట్టే దశలో ఉన్నప్పుడు ఎవరైనా కంకి కోసుకుంటరా?

లెక్క వేసి చూద్దాం. ఇవి ఏ ఊరి లెక్కలో కావు, అర్థం కావడానికి అనుకున్న అంకెలు. వెయ్యి చేపలు బతికినయి అనుకోండి. జనవరిలో ఒక్కోటి 400 గ్రాములు ఉంటే మొత్తం 400 కిలోలు. చిన్న చేప కాబట్టి కిలోకు 80 రూపాయలు పడితే 32,000. అవే చేపలను మే దాకా ఉంచినమనుకోండి. కొంగలు తిని, జబ్బు చేసి, దొంగలు పట్టి వంద పోయినయి. 900 మిగిలినయి. ఒక్కోటి కిలో తూగితే 900 కిలోలు. పెద్ద చేపకు కిలోకు 120 పడితే 1,08,000. మూడు రెట్ల కంటే ఎక్కువ. దీనికి కొత్తగా విత్తనం అక్కరలేదు, అప్పు అక్కరలేదు. కావాల్సింది ఓపిక, కావలి.

మరి ఇంత తేలికైన లెక్క కాంట్రాక్టరుకు తెలియదా? బాగా తెలుసు. కానీ ఆయన లెక్క వేరు. ఆయనకు ఒక్క చెరువు లేదు, పది ఉన్నయి. పెట్టిన పైసలు జల్దీ తిరగాలి. ఒక చెరువులో పట్టిన డబ్బు ఇంకో చెరువుకు అడ్వాన్స్ కావాలి. మే దాకా ఆగితే కావలి ఖర్చు ఆయనది, చేప పోతే నష్టం ఆయనది. అందుకే చలికాలంలోనే చేతులు దులుపుకుంటడు. ఆయనకు అది లాభమే. ఊరికి కాదు. మన లాభం, ఆయన లాభం ఒక్క నెలలో కలవవు. ఇది అర్థం చేసుకుంటే సగం సమస్య అర్థమైనట్టే.

ఆ కాంట్రాక్టరు చెరువు కట్ట ఎట్లా ఎక్కిండు? మన చేతనే ఎక్కిండు. పత్తి ఏరే కూలీలకు పైసలు కావాల్సిన దసరా, దీపావళి రోజుల్లో అడ్వాన్స్ అని చేతిలో పెడతడు. సొసైటీ మన పేరు మీదనే ఉంటది. అధ్యక్షుడు మనోడే, సంతకం మనదే. పెట్టుబడి మాత్రం వేరేవాడిది. మా వైపు ఒక సొసైటీలో సభ్యులను నేను అడిగిన. మీ వాటా ఎంత వచ్చింది అని. ఒక పెద్దమనిషి నవ్వి, "వాటా ఏడిది బిడ్డా, పండుగకు చెరో రెండు కిలోల చేపలు ఇచ్చిండ్రు" అన్నడు. పాస్‌బుక్కు ఎవరి దగ్గర ఉంది అంటే, "పట్నంల సేటు దగ్గర" అన్నడు. కాగితం మీద మన పేరు, చెరువు మీద వేరొకరి వల. భూమి విషయంలో దీన్ని బినామీ అంటం, ఊరంతా లేచి కొట్లాడుతం. చెరువు విషయంలో వ్యాపారం అని ఊకుంటం. ఎందుకు?

చట్టం ఏమంటుందో కూడా చూద్దాం. 1996లో వచ్చిన పెసా చట్టం మనకు కొత్త కాదు. అందులో 4(బి) సెక్షన్ ప్రకారం ఊరు అంటే ఆచారాల ప్రకారం తన పనులు తానే చక్కబెట్టుకునే ఒక సమాజం, ఒక ఆవాసం. రెవెన్యూ రికార్డులో రాసిన పేరు మాత్రమే ఊరు కాదు. గూడెమూ ఊరే. 4(డి) ప్రకారం ఉమ్మడి వనరులను కాపాడుకునే సామర్థ్యం గ్రామసభకు ఉంది. 4(జె) ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణను తగిన స్థాయి పంచాయతీలకు అప్పగించాలి. ఇక్కడ ఒక మాట సరిగ్గా పట్టుకోవాలి. 4(జె)లో ఉన్న మాట పంచాయతీ. గ్రామసభ అని నేరుగా లేదు. దాన్ని చూపించి సర్పంచ్ ఒక్కడే సంతకం పెట్టి ఇచ్చెయ్యొచ్చు అని కొందరు వాదిస్తరు. కానీ 4(డి)ని పక్కన పెట్టి 4(జె)ని ఎట్లా చదువుతరు? చెరువు ఉమ్మడి వనరు కాదా? ఉమ్మడి వనరు అయితే సభను అడగకుండా నిర్వహణ ఎట్లా జరుగుతది? 2011లో మనకు పెసా నియమాలు కూడా వచ్చినయి. నియమాలు రాక కాదు, మనం సభ పెట్టక ఆగుతోంది.

ఇక అటవీ హక్కుల చట్టం, 2006. పోడు పట్టా అనగానే అందరికీ ఈ చట్టం గుర్తొస్తది. అదే చట్టంలో 3(1)(డి) అని ఒకటుంది. అడవి భూముల్లోని నీటి వనరుల్లో చేపలు, ఇతర ఉత్పత్తుల మీద సామూహిక హక్కు. వ్యక్తిగత పట్టాకు ఫారం-ఎ నింపుతం. సామూహిక హక్కులకు ఫారం-బి. అందులో చేపలు, నీటి వనరుల కోసం ఒక గడి ఉంది. మన మండలాల్లో ఎంతమంది ఆ గడి నింపిండ్రు? ఫారం-ఎ కోసం రాత్రింబవళ్ళు తిరిగిన మన యువకులు ఫారం-బి ఒక్కసారి చదవండి. చెరువు అడవి భూమిలో ఉంటే ఇదే దారి. రెవెన్యూ భూమిలో ఉంటే పెసా దారి. ముందు మీ చెరువు ఏ రికార్డులో ఉందో చూసుకోవాలి. రెంటినీ కలిపి అర్జీ పెడితే ఆఫీసోళ్ళు అటు ఇటు తిప్పుతరు.

ఆదివాసులు చెరువు నడపలేరు, వాళ్ళకు వ్యాపారం రాదు అనేవాళ్ళకు ఒక జవాబు ఉంది. మధ్యప్రదేశ్‌లో నర్మదకు ఉపనది తవా. దాని మీద డ్యాం కడితే గోండు, కోర్కు ఊర్లు మునిగినయి. భూములు పోయినోళ్ళకు అదే నీళ్ళలో చేపలు పట్టే హక్కు కూడా లేకపోయింది. వాళ్ళు కొట్లాడిండ్రు. 1996లో ప్రభుత్వం దిగొచ్చి, నిర్వాసితుల సహకార సంఘాల సమాఖ్య అయిన తవా మత్స్య సంఘ్‌కు అయిదేళ్ళ లీజు ఇచ్చింది. వాళ్ళు ఏటా విత్తనం వేసిండ్రు, వానాకాలం చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో వేట ఆపిండ్రు, ప్రభుత్వానికి రాయల్టీ కట్టిండ్రు. లీజు ఇంకోసారి పొడిగించిండ్రు. పదేళ్ళు నడిపినంక, రక్షిత అటవీ ప్రాంతం అనే కారణంతో ఆ దారి మూసుకుపోయింది. ఈ కథలో మనకు రెండు పాఠాలున్నయి. నడపగలం అన్నది మొదటిది. లీజు అంటే గడువున్న కాగితం, హక్కు అంటే గడువు లేని మాట అన్నది రెండోది. అందుకే లీజు దగ్గరే ఆగిపోకుండా హక్కు పత్రం దాకా పోవాలి.

ఇప్పుడు నా మాటకు వచ్చే అభ్యంతరాలు చెప్పుకుందాం. ఊకె ఆవేశంగా మాట్లాడితే ఊర్లో పెద్దలు వినరు, వినకపోవడం న్యాయమే.

మొదటిది, "మా కుంట ఫిబ్రవరికే ఎండుతది, మే దాకా ఎట్లా ఆగుతం?" నిజమే. అట్లాంటి కుంటకు నా నియమం వర్తించదు. నీళ్ళు మోకాలి లోతుకు వచ్చినంక కూడా ఉంచితే కొంగలకు, కుక్కలకు పోతది. అక్కడ చలికాలం చివర పట్టాల్సిందే. కానీ అక్కడ కూడా నీళ్ళు ఎంత లోతు వచ్చినప్పుడు వల దిగాలో సభ చెప్పాలి. కాంట్రాక్టరు క్యాలెండర్ చెప్పకూడదు. అట్లాంటి కుంటలకు విత్తనం వాన పడి నీళ్ళు నిండంగనే రావాలి. అక్టోబర్‌లో వచ్చిన పిల్ల ఫిబ్రవరికి ఏం పెరుగుతది? విత్తనం తొందరగా ఇవ్వమని జులైలోనే అడగాలి.

రెండోది, "చలికాలంలో కూడా ఇంటికి కూర కావాలి కదా." కావాలి. గాలం వేసుకునే ముసలాయనను ఎవరూ ఆపొద్దు. ఇంటి మందం పట్టుకునే చేప వేరు, ఆటో నింపే చేప వేరు. వారానికి ఒకరోజు పెద్ద కండ్ల వలతో కిలో దాటిన చేపలను మాత్రమే తీసి ఊర్లోనే అమ్ముకోవచ్చు. చిన్న చేప వల కండ్లలోంచి జారి మళ్ళీ నీళ్ళలోకి పోతది. పెద్దది తీస్తే చిన్నదానికి జాగ, మేత దొరుకుతది. నేను వద్దంటున్నది వేటను కాదు, ఊడ్చుడును.

మూడోది, "ఉంచితే జబ్బు వస్తది." చలికాలంలో పుండ్ల జబ్బు వచ్చే మాట నిజం. 1988లో మన దేశంలోకి వచ్చిన ఈ బూజు జబ్బు నీళ్ళు చల్లబడ్డప్పుడే ఎక్కువ. కొర్రమట్టకు, పరకలకు త్వరగా అంటుకుంటది. కానీ ఒంటికి గాయమైన చేపకు అది తేలికగా పడుతది. వలలు మాటిమాటికీ లాగితే పొలుసు ఊడి గాయాలు అయితయి. చలికాలంలో చెరువును కదిలించకుండా ఉంచడం కూడా ఒక మందే. పుండ్లు కనపడితే మత్స్యశాఖ వాళ్ళను పిలిచి సున్నం ఎంత వెయ్యాలో అడిగి వెయ్యాలి. చలికాలంలో పేడ ఎక్కువ కుమ్మరించొద్దు. అది కుళ్ళి నీళ్ళలో ప్రాణవాయువు తింటది. మబ్బు పట్టిన రోజు తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోరు తెరుస్తుంటే గాలి తక్కువైందని గుర్తు.

నాలుగోది, "మనోళ్ళే కరెంటు పెట్టి పడుతున్నరు, బయటోళ్ళను ఏమంటవు?" ఈ మాట నన్ను బాగా కదిలిస్తది. నిజమే. బ్యాటరీ, ఇన్వర్టర్ కట్టి నీళ్ళలో కరెంటు వదిలే పిల్లలు మన గూడేల్లోనూ ఉన్నరు. తోటాలు పేల్చేటోళ్ళు ఉన్నరు. అది వేట కాదు. ఒక్క చేప కోసం వంద పిల్లలను, గుడ్లను చంపుడు. మనుషులు కూడా చస్తున్నరు. బయటివాడి వలను ఆపే నైతిక బలం మనకు రావాలంటే ముందు మన ఇంటి కరెంటు తీగ ఆపాలి.

ఇంకో సంగతి ఎవరూ మాట్లాడరు. మన చెరువుల్లో హేచరీ చేపే కాకుండా ఎవరూ వేయని చేపలు కూడా ఉంటయి. పరకలు, జెల్లలు, కొర్రమట్ట, వాలుగ. చిన్న చేపలను ముల్లుతో సహా తింటం కాబట్టి పిల్లలకు, బాలింతలకు వాటి బలం వేరు. రక్తహీనత మన ఆడబిడ్డలను ఎంత పీడిస్తోందో మీకు చెప్పాల్సిన పని లేదు. కానీ చేపల పెంపకం పుస్తకాల్లో ఈ చిన్న చేపల పేరు "కలుపు చేపలు". విత్తనం వెయ్యకముందు వాటిని చంపాలని, దానికి హెక్టారుకు 2,000 నుంచి 2,500 కిలోల ఇప్ప చెక్క వెయ్యాలని చెప్తరు. మనం దండం పెట్టే ఇప్ప చెట్టు గింజ పిండితో మన పిల్లల కూరను చంపుడు! పెంపకం గుంటలో అది పద్ధతి కావచ్చు. ఊరి చెరువులో అవసరం లేదు. 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లను వేస్తే పరక దాన్ని ఏమీ చెయ్యలేదు. కాబట్టి సభ తీర్మానంలో ఇది కూడా రాయండి: మా చెరువులో చిన్న చేపను చంపొద్దు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మన పోరాటం ముదిరాజ్, గంగపుత్ర, బెస్త సోదరుల మీద కాదు. వల అల్లుడు, వల వేసుడు వాళ్ళ తరతరాల విద్య. వాళ్ళను కూడా ఇదే పెట్టుబడిదారుడు కూలోళ్ళను చేసిండు. షెడ్యూల్డ్ ప్రాంతంలో చెరువు మీద నిర్ణయం ఆదివాసీ గ్రామసభది. ఆ నిర్ణయం తర్వాత వల పనికి వాళ్ళను పిలిచి, న్యాయమైన కూలి ఇచ్చి, మన పిల్లలకు ఆ విద్య నేర్పమని అడగడంలో తప్పేముంది? మనల్ని మనల్ని కొట్లాడించి కట్ట మీద కూసొని లెక్క పెట్టుకునేటోడే మన ఇద్దరికీ ఎదుటివాడు.

ఇక చెయ్యాల్సిన పని. ఈ నెలలోనే గ్రామసభ పెట్టండి. ఆడోళ్ళు రాకుంటే సభ కాదని చెప్పండి, ఎందుకంటే ఇంట్ల కూర సంగతి వాళ్ళకే తెలుసు. సభలో ఈ ప్రశ్నలు అడగండి. చెరువు ఏ శాఖ రికార్డులో ఉంది? ఈ ఏడు విత్తనం ఏ తారీఖున, ఎంత సైజుది, ఎన్ని వచ్చింది? సొసైటీలో సభ్యులెవరు, పాస్‌బుక్కు ఎవరి దగ్గర ఉంది? ఎవరి దగ్గర అడ్వాన్స్ తీసుకున్నరు? జవాబులు రాకుంటే సమాచార హక్కు కింద అడగండి. డిగ్రీ చదివిన తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఆ అర్జీ రాసే పని మీది.

తర్వాత తీర్మానం రాయండి. శివరాత్రి దాటేదాకా ఊడ్చే వల లేదు. గాలానికి అడ్డు లేదు. కరెంటు, తోటా, విషం పూర్తిగా బంద్. పట్టే రోజు ముందే చాటింపు వెయ్యాలి, కాంటా కట్ట మీదనే పెట్టాలి, అందరి ముందు తూచాలి. మొదటి వంతు ఊర్లోని ఇండ్లకు, బడి, అంగన్‌వాడీ పిల్లలకు. మిగిలింది అమ్మాలి. వచ్చిన పైసల్లో కొంత కావలికి, కొంత వచ్చే ఏడు విత్తనానికి పక్కకు పెట్టాలి. ప్రభుత్వం ఇవ్వని ఏడు కూడా చెరువు ఖాళీగా ఉండొద్దు. అడ్వాన్స్ తీసుకున్న ఊరు అయితే భయపడకండి. ఆ బాకీని సభ ముందు లెక్క కట్టి మేలో పట్టిన చేపతో తీర్చండి. బాకీ తీర్చుడు వేరు, చెరువు రాసిచ్చుడు వేరు.

మేలో చేప పడితే ఎవరికి పనికొస్తది? ఇప్పపువ్వు అయిపోయి, తునికాకు మొదలయ్యే నడుమ చేతిలో పైస ఆడని రోజులుంటయి. బడులు మూసి మధ్యాహ్న భోజనం కూడా లేని రోజులు. పెళ్ళిళ్ళ రోజులు. ఆ రోజుల్లో ఇంటికి రెండు కిలోల చేప, చేతికి నాలుగు వందల రూపాయలు వస్తే ఆ ఇల్లు వడ్డీ వ్యాపారి గడప తొక్కదు. చలికాలంలో పోయే ఒక ఆటో లోడు విలువ అది.

ఈ వ్యాసం చదివి లైకు కొట్టి పోవద్దు. రేపు పొద్దున మీ ఊరి చెరువు కట్ట మీదికి పోయి నీళ్ళెంత ఉన్నయో చూడండి. అక్కడ వల ఆరేసి ఉంటే ఎవరిదని అడగండి. జవాబు ఏదైనా సరే, దాన్ని గ్రామసభకు తీసుకుపోండి.

జల్, జంగల్, జమీన్! మొదటి మాటను మళ్ళీ మొదటికి తెద్దాం.

జై ఆదివాసీ!